ముప్పావు అంగుళం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, తోటలో పనిచేసేవాళ్ళకి తెలుసు, నూజివీడులో మా కాయలు దిగే షెడ్డు వాళ్ళకి కూడా తెలుసు. చాలాకాలం తెలియనిది నాకొక్కడికే. నాది కోపం కాదనీ, పనంటే కచ్చితమనీ, అందులోనూ కొలతంటే మరీ కచ్చితమనీ అనుకునేవాణ్ణి. చొక్కా జేబులో పెన్ను లేకుండానైనా ఉంటాను గానీ చుట్టే ఇనుప టేపు లేకుండా గడప దాటను. మా అమ్మాయి గోల్ఫ్ కర్రల్ని పాడుచేసింది ఆ కచ్చితమే.

ముందు మా తోటలో కొలత ఎలా ఉంటుందో చెప్పాలి. నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే రోడ్డు దిగి కిలోమీటరు లోపలికి వస్తే మా తోట. సగం బంగినపల్లి, సగం రసాలు. ఏటా కోతలు మొదలుపెట్టే రోజు పొద్దున్నే మోటారు షెడ్డు ముందు ఊడ్చి, కళ్ళాపి చల్లి, దోటీల్ని వరసగా పడుకోబెడతాం. దోటి అంటే కాయ కోసే వెదురు గెడ. కొసన చిన్న కత్తి, దాని కింద కాయ పడటానికి తాడుతో అల్లిన చిక్కం. ప్రతి దోటికీ పసుపు రాసి బొట్టు పెట్టాక, కోత మనుషులకి ఒక్కొక్కరికీ కొలిచి ఇవ్వాలి. మా నాన్నగారు అలాగే ఇచ్చేవారు. మనిషి చెప్పులు విడిచి వచ్చి, ఊడ్చిన నేల మీద నిలబడి కుడిచెయ్యి పైకెత్తాలి. వేళ్ళ కొస ఎంత ఎత్తుకి వస్తే దానికి రెండింతలు దోటి. మిగిలిన ముక్క అక్కడే కోసెయ్యాలి. బొట్టు పెట్టిన పనిముట్టు దగ్గరికి చెప్పులతో వెళ్ళడమనేది మా వైపు ఎవరి ఊహకీ రాదు. నేను తోటకి వచ్చాక మూడేళ్ళుగా ఆ కొలత నాదే. టేపు లాగి, ఒక్క అంగుళం తేడా రాకుండా కోయించేవాణ్ణి.

మా అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండాయి. గోల్ఫ్ ఆడుతుంది. నూజివీడులో ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు కాసేపు ఆగి, "మంచిదేనండీ, మరి చదువు?" అంటారు. నేను పదకొండేళ్ళు విశాఖపట్నంలో ఒక కంపెనీలో పనిచేశాను. మేం ఉన్న ఇంటి వెనకే గోల్ఫ్ మైదానం. ఏడేళ్ళ పిల్ల కంచె పట్టుకుని రోజూ చూస్తుంటే అక్కడి కోచ్ లోపలికి పిలిచి చేతికో చిన్న కర్ర ఇచ్చాడు. అంతే, పట్టుకుంది. నేను ఉద్యోగం మానేసి తోట చూసుకోవడానికి వచ్చేసినప్పుడు నాతో నెలరోజులు ముభావంగా ఉంది. అందుకని రెండు బంగినపల్లి వరసల మధ్య గడ్డి నున్నగా కోయించి, చివర్న నర్సరీల వాళ్ళు కట్టే ఆకుపచ్చ వల అడ్డంగా కట్టించి, "ఇదే నీ మైదానం" అన్నాను. పొద్దున బడికి వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక అక్కడే బంతులు కొట్టేది. మా ఆవిడ ఫోన్లో వీడియో తీసి పంపితే కోచ్ విశాఖ నుంచి చూసి తప్పులు చెప్పేవాడు.

ఆ ఏడాది మే రెండోవారంలో విశాఖలో రాష్ట్ర జూనియర్ అమ్మాయిల జట్టుకి ఎంపిక పోటీ పెట్టారు. నలుగుర్ని తీసుకుంటారు. తన వయసు విభాగంలో ఆమెకి అదే ఆఖరి అవకాశం. పై ఏడాది నుంచి పెద్దవాళ్ళతో ఆడాలి. మైదానం ఎరగకుండా మామిడి చెట్ల మధ్య ఆడుకునే పిల్లని ఆ పెద్దవాళ్ళలో ఎవరు పట్టించుకుంటారు? ఈ ఒక్కసారి జట్టులోకి వస్తే శిక్షణ శిబిరాలు, మంచి మైదానాలు వాటంతటవే వస్తాయి. రాకపోతే ఆట మెల్లిగా సెలవుల్లో ఆడుకునే ఆటగా మిగిలిపోతుంది. ఈ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు గానీ అందరం అదే అనుకుంటున్నాం.

అయితే చిన్నప్పటి కర్రలు పొట్టివైపోయాయి. కోచ్ తన దగ్గర ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసిన ఐరన్లు ఏడు బస్సు పార్శిల్లో పంపాడు. ఐరన్ అంటే ఉక్కు తల, ఉక్కు గొట్టం ఉన్న కర్ర. నంబరు పెరిగేకొద్దీ పొడవు అర అంగుళం చొప్పున తగ్గుతుంది. మంచి సెట్టు. కాకపోతే మగవాళ్ళ పొడవు. మా అమ్మాయికి సరిపోయేలా పైనుంచి కొంత కోసి, చేత్తో పట్టుకునే చోట కొత్త రబ్బరు పట్టు తొడగాలి. పొడవు సరిగ్గా ఉంటే ప్రతిసారీ ఒకేలా నిలబడి ఒకేలా తిప్పగలదు, బంతి ఒకేలా వెళ్తుంది. లేకపోతే ఒళ్ళు రోజుకో రకంగా సర్దుకుంటూ ఉంటుంది. పాపని విశాఖ తీసుకురండి, నేను కొలుస్తానన్నాడు కోచ్. ఏప్రిల్ సగం అయింది. రసాలు రంగు తిరుగుతున్నాయి. ఎలా వెళ్ళను? అయితే ఎలా కొలవాలో వాయిస్ మెసేజ్ పంపుతానన్నాడు.

మెసేజ్ రెండు నిమిషాలకి పైనే ఉంది. నేను షెడ్డులో ట్రేలు లెక్క చూసుకుంటూ విన్నాను. నిలబడాలి, మణికట్టు, నేల, ఇలా ఏదో చెబుతున్నాడు. నలభై సెకన్లు విని ఆపేశాను. "మనకి కొలతలు కొత్తా? ముప్పై దోటీలు కోయిస్తాను ఏడాదికి" అన్నాను మా ఆవిడతో. "పూర్తిగా వినండి, పోయేదేముంది?" అంది. నేను వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున్న మోటారు షెడ్డు ముందు ఊడిపించాను. ఏడు ఐరన్లూ వరసగా పెట్టి, దోటీలతో పాటే వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టాం. నవ్వుకుంటూనే పెట్టాం గానీ, లోపల మాత్రం మొక్కుకున్నాను. మా అమ్మాయి తన తెల్ల షూ గట్టు మీద విడిచి, తడి నేల మీదికి వచ్చి, ఏడో నంబరు ఐరన్ పట్టుకుని ఆడేటప్పుడు నిలబడినట్టు నిలబడింది. ఎడమ పిడికిలి పైన ఎంత మిగిలిందో టేపు పెట్టి చూశాను. రెండుంబావు అంగుళాలు. గీత గీశాను. అన్నిటికీ అంతే గీశాను. ఆక్సా బ్లేడుతో నేనే కోశాను. ఏడు ఉక్కు ముక్కలు ఉంగరాల్లా టింగుమంటూ గట్టు మీద పడ్డాయి. పెట్రోలుతో తడిపి కొత్త పట్లు తొడిగాను. అంత శుభ్రంగా ఏ పనీ చేసి ఉండను.

మొదటి సాయంత్రం నుంచే తేడా వచ్చింది.

బంతి బాగా తగిలితే ఒక శబ్దం ఉంటుంది. గట్టి కాయ ముచ్చికతో తెగినప్పుడు వచ్చేటంత చిన్న శబ్దం, 'టిక్' అని. సరిగ్గా తగలకపోతే 'ఠప్' మంటుంది, చెయ్యి కూడా జలదరిస్తుందట. మూడేళ్ళుగా వింటున్నాను కాబట్టి మోటారు షెడ్డులో కూర్చునే ఎన్ని బాగున్నాయో చెప్పగలను. ఆ సాయంత్రం నలభై బంతుల్లో పది కూడా టిక్ అనలేదు. సగం బంతులు గాల్లోకి లేవకుండా గడ్డి మీద పాకాయి. ఒకటి చెట్టు మానుకి తగిలి వెనక్కి వచ్చింది.

"ఏంటమ్మా?" అన్నాను.

"కొత్తవి కదా నాన్నా. అలవాటవ్వాలి" అంది.

అలవాటు కాలేదు. వారం గడిచింది. ఠప్, ఠప్. కాయ ఏరుతున్నా, షెడ్డు వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నా చెవి అటే ఉండేది. ఒక్క టిక్ వినపడితే ఊపిరి తీసుకునేవాణ్ణి, వెంటనే రెండు ఠప్‌లు. అన్నం సయించేది కాదు. ఇటు ఆకాశంలో మబ్బు కనిపిస్తే ఈదురుగాలి వస్తుందేమోనని ఒక భయం, అటు పిల్ల ఆట చేయి జారిపోతోందని ఇంకో భయం. మబ్బుని ఏమీ అనలేం. అందుకని పిల్లని అన్నాను. "మనసు పెట్టట్లేదు నువ్వు. ఫోన్ చూడ్డం ఎక్కువైంది" అన్నాను. తను తలొంచుకుని ఇంకో బంతి పెట్టుకుంది. నడుం బాగా వంగిపోయి ఉంది. వీడియో చూసి కోచ్ కూడా అదే అన్నాడట, మునుపటి కంటే ఎక్కువ వంగుతోందని. కర్రల పొడవు సరిచూశారా అని అడిగితే మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి, ఆయన చాలా జాగ్రత్తగా కొలిచారండీ అని చెప్పింది. ఆ మాట నేను విన్నాను. గర్వపడ్డాను కూడా.

తర్వాత మూడు రోజులు అద్భుతంగా ఉంది. టిక్, టిక్, టిక్. బంతి వల మీద ఒకే చోట పడుతోంది. నాకు ఏనుగెక్కినంత సంతోషం. నాలుగో రోజు దగ్గరకెళ్ళి చూద్దును కదా, కాళ్ళకి షూ లేవు. కోసిన గడ్డి మొదళ్ళు సూదుల్లా ఉంటాయి. పైగా మామిడి చెట్ల కింద కొరికే చీమలు. కాళ్ళనిండా ఎర్రటి దద్దుర్లు, బొటనవేలి పక్కన పుల్ల గుచ్చుకుని నెత్తురు గడ్డకట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"షూ ఏవి?"

"ఇంట్లో ఉన్నాయి."

"ఎందుకున్నాయి ఇంట్లో? అలంకారానికా? పురుగో పామో ఉంటే? ఎంపికలో ఇలాగే వట్టికాళ్ళతో ఆడనిస్తారా నిన్ను?"

"ఇలాగైతే బాగా వస్తోంది నాన్నా" అంది, చాలా చిన్నగా.

ఆ మాట అక్కడే పట్టుకుని ఉంటే ఎంత బాగుండేది. నేను పట్టుకోలేదు. వరస చివర కాయ కోస్తున్నవాళ్ళు దోటీలు ఆపి చూసేంత గట్టిగా అరిచాను. ఇంటికి వెళ్ళి షూ వేసుకుని వచ్చింది. మళ్ళీ ఠప్. ఆ సాయంత్రం అన్నం దగ్గర కూడా నా వైపు చూడలేదు. పోటీకి పదమూడు రోజులు.

మర్నాడు పదింటికి నేను రసాల వరసలో తిరుగుతున్నాను. ఏదో ఒకటి కొలవకపోతే తోచని స్థితిలో ఉన్నాను. కోత మేస్త్రి చెట్టుకి ఆనించి పెట్టిన దోటి కనిపించింది. ఆయన అరవై దాటిన మనిషి, మా నాన్నగారి కాలం నుంచి కోత ముఠాకి పెద్ద. ఊరికే టేపు లాగి దోటి కొలిచాను. నేను కోయించి ఇచ్చిన దానికంటే జానెడు తక్కువ ఉంది. పక్కదీ తక్కువే. మూడోది ఇంకా తక్కువ.

"మేస్త్రీ, ఇవేంటి? ఎవరు కోశారు?"

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"మేమేనండీ."

"ఎందుకు?"

"మీ కొలతకి కొస బరువైపోద్దండీ. మధ్యాన్నానికల్లా భుజం పడిపోద్ది. అందుకని తలో జానెడు తీసేసుకుంటామండీ."

"ఎప్పుడు?"

"మీరు షెడ్డుకెళ్ళాక."

"ఎన్నేళ్ళుగా?"

"మీరొచ్చిన కాడి నించీనండీ."

మోటారు షెడ్డు వెనక ప్రతి ఏడూ వెదురు ముక్కలు పడి ఉండటం నాకు తెలుసు. నేను కోయించినవే అనుకునేవాణ్ణి. అన్ని ముక్కలు ఎక్కడివని ఎప్పుడూ అనుకోలేదు. మా ఆవిడ వాటితోనే చిక్కుడు పందిరి వేస్తుంది. అంటే తనకీ తెలుసు. నేను రోజూ ఆ పందిరి కిందే పళ్ళు తోముకుంటాను.

"మా నాన్నగారు కూడా ఇలాగే కొలిచేవారు కదా?" అన్నాను. గొంతు అప్పటికే లేస్తోంది.

"ఇలాగే కొలిచేవారండీ. అయితే వారం పోయాక మళ్ళీ వచ్చి, ఎలా ఉందిరా చేతికి అని ఒక్కొక్కణ్ణీ అడిగేవారు. బాలేదంటే అక్కడే కోయించేవారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మేస్త్రి నా మొహంలోకి చూడలేదు. దోటి అందుకుని, "మీరడగలేదు కదండీ" అన్నాడు.

చిన్నప్పుడు నేను చూసింది నాన్నగారు కొలవడమే. వారం తర్వాత ఆయన తోటలోకి వెళ్ళేసరికి నేను బడిలో ఉండేవాణ్ణి. సగం ఆచారమే నేర్చుకుని మొత్తం నాకు తెలుసనుకున్నాను. అక్కడే చెట్టు కింద కూర్చుండిపోయాను. కూర్చుని, ఎందుకో మరి, ఫోన్ తీసి కోచ్ పంపిన మెసేజ్ మళ్ళీ పెట్టాను. ఈసారి చివరిదాకా విన్నాను.

"...ఒక్క విషయం సార్, పాప ఆడేటప్పుడు వేసుకునే షూ వేసుకునే నిలబడాలి. వట్టికాళ్ళతో కొలిస్తే మొత్తం తేడా వచ్చేస్తుంది. కొలత నాకు పంపండి, నేను చెప్పేదాకా కొయ్యొద్దు. ఒకసారి కోస్తే మళ్ళీ రాదు సార్."

ఇంటికి వెళ్ళి షూ తిరగేసి మడమ దగ్గర టేపు పెట్టాను. ముప్పావు అంగుళం. దోటికి ముప్పావు అంగుళం ఒక లెక్కే కాదు. గోల్ఫ్ కర్రకి అదే అంతా. షూ వేసుకున్నప్పుడల్లా పిల్ల ముప్పావు అంగుళం పైకి లేస్తోంది, కర్ర అందక నడుం వంచుతోంది. వట్టికాళ్ళతో ఆడినప్పుడు నేను కొలిచిన ఎత్తుకి సరిగ్గా వచ్చింది, అందుకే టిక్, టిక్. పిల్ల సరిగ్గా ఆడినందుకే నేను తిట్టాను. కోసేసిన ఉక్కుని ఎక్కణ్ణించి తేను? బొడ్డుమల్లె పాదు పక్కన నిలబడి ఏడ్చినంత పని చేశాను. భయం, సిగ్గు, ఏది ముందో తెలియలేదు.

వేసవి సెలవులు కాబట్టి అమ్మాయి ఇంట్లోనే ఉంది. వసారాలో ఖాళీ ట్రే బోర్లించి కూర్చుని, పిన్నీసుతో కాలిలో పుల్ల తీసుకుంటోంది. పక్కన కూర్చున్నాను.

"కర్రలు ఎలా ఉన్నాయమ్మా చేతికి?"

అలా అడుగుతానని అనుకోలేదేమో, పిన్నీసు ఆగింది.

"బాగానే ఉన్నాయి."

"నిజం చెప్పు."

"నిజంగానే నాన్నా. కర్రలు బాగానే ఉన్నాయి. నాకే రావట్లేదు."

ఆ రెండో మాట నన్ను కోసేసింది. "నీకు రాకపోవడం కాదు. నేను నిన్ను వట్టికాళ్ళతో నిలబెట్టి కొలిచాను. షూతో కొలవాలట. కోచ్ చెప్పాడు, నేను వినలేదు. తప్పు నాది" అన్నాను. ఈ నాలుగు ముక్కలూ అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

తను కాలి వైపే చూస్తూ, "తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పుడు?"

"రెండో రోజే. షూ విప్పి కొట్టి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"అమ్మకి చెప్పాను. కాయ దిగుతోంది, ఇప్పుడొద్దు, నాన్న కాస్త కుదురుగా ఉన్నప్పుడు చెబుదాంలే అంది. ఇంతలో నువ్వు అరిచావు."

"నేను అరవలేదు" అన్నాను. అంటున్నప్పుడే అరుస్తున్నానని నాకే వినపడింది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. పిల్ల ట్రే మీద నుంచి కొంచెం జరిగింది. కొంచెమే. కానీ నేను చూశాను. నా కూతురు నడుం విరుచుకోవడానికీ, కాళ్ళు చీమలకి పెట్టడానికీ, ఆట తనకే రావట్లేదని చెప్పుకోవడానికీ సిద్ధపడింది గానీ, 'నాన్నా, కొలత తప్పు' అనడానికి సిద్ధపడలేదు. నాకు ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. పోటీ గురించిన భయం దీని ముందు ఎందుకూ పనికిరాదు.

ఆ సాయంత్రమే కోచ్‌కి ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను. తిడతాడనుకుంటే తిట్టలేదు. గొట్టం బోలుగా ఉంటుంది కాబట్టి లోపల బిగుతుగా పట్టే చిన్న అల్యూమినియం కడ్డీ దిగగొట్టి, గట్టి గమ్ముతో అతికించి, పైకి కావలసినంత వదిలితే పొడవు వస్తుందన్నాడు. ఎంత కావాలో షూతో కొలిచి తనకి పంపమన్నాడు. ఆయన చెప్పిందంతా కాగితం మీద రాసుకుని, తిరిగి ఆయనకే చదివి వినిపించాను.

మర్నాడు మళ్ళీ మోటారు షెడ్డు ముందు నిలబెట్టాను. తను అలవాటు కొద్దీ షూ విప్పబోయింది. "వద్దు, వేసుకునే రా" అన్నాను. కళ్ళాపి చల్లిన నేల మీద షూ గుర్తులు పడ్డాయి. కాయలు మోసేవాళ్ళు కొంచెం వింతగా చూశారు. ముప్పావు అంగుళమే కావాలని టేపు చెప్పింది, కోచ్ కూడా అదే అన్నాడు. కానీ మళ్ళీ పొట్టిదైతే? "ఒక అంగుళం పెట్టిద్దాం, కాస్త ఉండనీ" అన్నాను.

"ముప్పావు చాలేమో" అంది, నా వైపు చూడకుండా.

"ఉండనీలే" అన్నాను. పాఠం నేర్చుకున్నానని చెబుతున్నాను కదా, నేర్చుకున్నది ఇంత మాత్రమే.

నూజివీడులో లేతు షాపు వాళ్ళు ఏడు కడ్డీలు తిప్పి ఇచ్చారు. ఒక రోజంతా గమ్ము ఆరనిచ్చి, పట్లు మళ్ళీ తొడిగాను. టిక్ వచ్చింది, అన్నిసార్లూ కాకపోయినా. పోటీకి తొమ్మిది రోజులే ఉన్నాయి. వంగిపోవడం అలవాటైన నడుం అంత త్వరగా నిటారు కాదు.

మంచి కోత మీద ఉన్న తోటని మేస్త్రి చేతిలో పెట్టి ముగ్గురం విశాఖ వెళ్ళాం. కోచ్ కర్రలు చూసి, "కొంచెం పొడవైనట్టున్నాయి, ఫర్వాలేదు, పావు అంగుళం కిందికి పట్టుకో" అన్నాడు. తాడు కట్టిన అవతల జనంలో నిలబడ్డాను. మేస్త్రి ఏడుసార్లు ఫోన్ చేశాడు, తీయలేదు. మా అమ్మాయి మొదటి బంతి దగ్గర నిలబడి, తిప్పి కొట్టింది. ఠప్. బంతి నేల మీద పాక్కుంటూ ముప్పై గజాలు పోయి ఆగింది.

తను బంతి వైపు చూడలేదు, కోచ్ వైపు చూడలేదు. తల తిప్పి తాడు అవతల ఉన్న నా మొహం చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. కాయల ట్రే చేజారిన మనిషి ముందు కాయల్ని కాకుండా నన్ను చూస్తాడే, ఆ చూపు. అంత దూరం నుంచి, అంత ముఖ్యమైన రోజున, ఆ పిల్లకి ముందు కావలసింది నేను కోపంగా ఉన్నానా లేనా అని తెలియడం. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. నవ్వుదామని చూశాను, కుదిరిందో లేదో. రెండు చేతులూ పైకెత్తి, ఏమీ లేదు, ఫర్వాలేదు అన్నట్టు ఊపాను. పక్కాయన వింతగా చూశాడు. ఊపుతూనే ఉన్నాను. తను మళ్ళీ బంతి దగ్గరకి నడిచి, రెండో దెబ్బ కొట్టింది. అది బాగా వెళ్ళింది. ఆ తర్వాత చాలావరకు బాగానే ఆడింది.

సాయంత్రం పేర్లు చదివారు. నలుగురిలో లేదు. అయిదో పేరు తనది, ఎవరైనా రాలేకపోతే పిలుస్తారట. ఒక్క దెబ్బ తేడా. అది ఏ దెబ్బో మా ముగ్గురికీ తెలుసు.

ఏలూరులో రైలు దిగి నూజివీడు బస్సెక్కాం. బస్సు కిక్కిరిసి ఉంది. మా ఆవిడా అమ్మాయీ ముందు సీట్లో, నేను వాళ్ళ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను. సగం దారి దాకా నా బుర్రలో ఒకటే తిరుగుతోంది: ఆ ముప్పావు అంగుళం, ఆ మొదటి పది రోజులు, ఆ ఒక్క దెబ్బ. ఇంతలో తను తల పైకెత్తి, కండక్టర్ కూడా తిరిగి చూసేంత గట్టిగా అంది:

"నాన్నా, నువ్వు ఎక్కువ పెట్టించావ్. ముప్పావు చాలని అప్పుడే చెప్పాను, నువ్వు వినలేదు. కిందికి పట్టుకోవడం మొదటి దెబ్బకే మర్చిపోయాను. అందుకే పోయింది."

మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది. వెనక సీటు వాళ్ళు నేనేమంటానో అని చూస్తున్నారు. ఒక్కసారి కోపం గొంతుదాకా వచ్చిన మాట నిజమే. దాన్ని దాటి ఇంకో సంగతి తట్టింది. నా కూతురు నలుగురి ముందు నా కొలత తప్పంది. నాకు అంతకంటే కావలసింది లేదు.

"ఎంత తీసెయ్యాలి?" అన్నాను.

"పావు. అయితే ఈసారి నువ్వు కొలవకు. నేనే కొలుచుకుంటా."

చొక్కా జేబులోంచి టేపు తీసి ఇచ్చాను. తను తీసుకుని బ్యాగులో వేసుకుంది.